ఏడాదిన్నరగా ఇత్తడి తోమాం. ఇప్పుడు ఇంజనుకు నిప్పు పెట్టాలా, వద్దా?

జడ్చర్ల_రెంచి

మా ఊరి శివారులోని ఒక ఫంక్షన్ హాలు యజమాని అయిదేండ్ల కింద మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ తుక్కు వేలంలో చిన్న బొగ్గు ఇంజను కొని, లారీ మీద తెచ్చి గేటు పక్కన నిలబెట్టారు. రెండడుగుల గేజి, నాలుగే చక్రాలు, బాయిలర్‌కు రెండు పక్కలా నీళ్ల ట్యాంకులు. తయారు చేసిన కంపెనీ పేరుపలకను ఎవరో ఎప్పుడో ఊడబీకారు. పెళ్లిళ్లకు వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి ఫొటోలు దిగడమే తప్ప దానికి వేరే పని లేదు. ఐటీఐలో ఫిట్టర్ పాఠాలు చెప్పి రిటైరైన నేను, నా పాత విద్యార్థులు నలుగురు, ఒక లేత్ షాపు ఆయన, ఇద్దరు బస్సు మెకానిక్కులు కలిసి ఏడాదిన్నరగా ఆదివారాల్లో దాన్ని బాగు చేస్తున్నాము. పిస్టన్ రింగులు కొత్తవి వేశాము, బేరింగులకు వైట్ మెటల్ పోశాము, గడ్డపార పెట్టి ఎత్తితే చక్రాలు తిరుగుతున్నాయి.

దసరాకు దానికి నిప్పు పెట్టి, హాలు చుట్టూ వేసిన నూటయాభై మీటర్ల పట్టా మీద నడపాలని యజమాని పట్టుపడుతున్నారు. కిందటి ఆదివారం బాయిలర్‌లో ఉత్త నీళ్లు నింపి చూశాము. ఒత్తిడి ఏమీ ఇవ్వకముందే, బొగ్గు మండే ఫైర్‌బాక్స్ కింది మూలన చెమ్మ కనిపించింది, సాయంత్రానికి బొట్టుబొట్టుగా కారింది. పైన ఒక ముక్క అతికి వెల్డింగ్ కొడితే సరిపోతుందని మాలో సగం మంది, నిప్పే వద్దు, కంప్రెసర్ గాలితో నడిపిద్దామని మిగతా సగం మంది అంటున్నారు. నాకు రెండూ మింగుడుపడటం లేదు. ఏడాదిన్నర పాటు ఇత్తడి తోమినవాళ్లం బాయిలర్ మీది రేకు తొడుగును ఒక్కసారి కూడా విప్పి చూడలేదన్నది నా అసలు బాధ.

గద్వాల_గేటు

పెళ్లికొడుకుకు సూటు కుట్టించి, పిల్లను చూడటం మరిచిపోయినట్లుంది మీ కథ. ఫంక్షన్ హాలు ముచ్చట కనుక ఈ పోలిక తప్పలేదు.

పాత_ఫైర్‌మన్

మహబూబ్‌నగర్ మార్గం 1990ల్లో బ్రాడ్‌గేజిగా మారక మునుపు, మీటరు గేజి మీద వైపీ, వైజీ ఇంజన్లలో నేను బొగ్గు వేశాను. వాటి బాయిలర్ ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌండ్లు. మీది అంతకంటే తక్కువే అయి ఉంటుంది కానీ, ఆ మూల చెమ్మను మాత్రం తేలికగా తీసుకోవద్దు.

ఫైర్‌బాక్స్ చుట్టూ లోపలి రేకుకూ బయటి రేకుకూ నడుమ నీళ్లుంటాయి. ఆ రెండు రేకులను అడుగున కలిపే చట్రాన్ని ఫౌండేషన్ రింగ్ అంటాము. బాయిలర్‌లోని బురదంతా దిగి పేరుకునేది అక్కడికే. షెడ్డులో వాషౌట్ రోజున మూలల ప్లగ్గులు విప్పి, పైపుతో నీళ్లు కొట్టి, ఇనుప కడ్డీతో గీకి ఆ బురదను తీసేవాళ్లం. సీజను అయిపోయాక నీళ్లు సరిగా ఖాళీ చేయకుండా ఇంజనును వదిలేస్తే, ఆ తడి బురద కింద రేకును తుప్పు లోపలి నుంచి తింటూ పోతుంది. బయటికి చెమ్మ వచ్చిందంటే లోపల ఎన్నడో పలచబడిందని అర్థం.

ఇంకొక పని చేయండి. ఆ రెండు రేకులను పట్టి ఉంచే స్టే బోల్టులను ఒక్కొక్కటిగా సుత్తితో కొట్టి వినండి. గట్టి బోల్టు మోగుతుంది, విరిగినది మూగగా పలుకుతుంది. మా షెడ్డులో బాయిలర్ పని చేసే ఒకాయన ఫైర్‌బాక్స్‌లో ముడుచుకొని కూర్చొని, ఒక చేత సుత్తి, ఇంకో చేత సుద్దముక్కతో, మూగపోయిన ప్రతి బోల్టు తల మీదా గీత పెట్టుకుంటూ పోయేవాడు. ఆ సమయంలో బయట ఎవరైనా మాట్లాడితే లోపలి నుంచే తిట్లు వినిపించేవి.

కొల్లాపూర్_వెల్డర్

పెద్దలు అనవసరంగా భయపెడుతున్నారని నాకనిపిస్తోంది. ఇరవై ఏండ్లుగా నీళ్ల ట్యాంకర్లు, హార్వెస్టర్లు, టిప్పర్ల చాసిసులు అతుకుతున్నాను. పాత రేకు మీద మంచి రాడ్డుతో, ముందుగా వేడి చేసి, రెండు పొరలు పోస్తే అతుకు ఊడదు, పక్క రేకే ముందు చిరుగుతుంది. నూటయాభై మీటర్ల పట్టా మీద మనిషి నడకంత వేగంతో పోయే బొమ్మకు ఇంత పంచాయితీ అవసరమా?

మిర్యాలగూడ_ఊకపొయ్యి

అన్నా, నువ్వే చెప్పావు, పక్క రేకే ముందు చిరుగుతుందని. ఇక్కడ భయమంతా ఆ పక్క రేకు గురించే.

ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ అటెండెంటుగా పద్నాలుగేండ్లు చేస్తున్నాను. మాది చదరపు సెంటీమీటరుకు పదిన్నర కిలోల ఒత్తిడి మీద నడుస్తుంది. ఆ ఒత్తిడిలో నీళ్లు సుమారు 185 డిగ్రీల వేడి మీద ఉండి కూడా నీళ్లుగానే ఉంటాయి. రేకు ఎక్కడైనా తెరుచుకుంటే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, ఆ నీళ్లలో కొంత భాగం క్షణంలో ఆవిరవుతుంది, లీటరు నీరు పదహారు వందల లీటర్లకు పైగా ఆవిరిగా ఉబ్బుతుంది. బండి మెల్లగా పోతున్నదా, ఉరుకుతున్నదా అన్నది బాయిలర్‌కు పట్టదు. ట్యాంకరు పగిలితే రోడ్డు తడుస్తుంది, ఇది పగిలితే మనుషులు మిగలరు.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక రాత్రి షిఫ్టులో గేజ్ గ్లాసులో నీటి మట్టం సగానికి నిలకడగా కనిపించింది. ఆ నిలకడే నాకు అనుమానం తెప్పించింది, ఎందుకంటే ఆవిరి లాగుతున్న బాయిలర్‌లో మట్టం కొంచెమైనా ఆడుతూ ఉంటుంది. కింది కాక్ తెరిచి గ్లాసును ఊదితే నీళ్లు పోయాయి, తిరిగి ఎక్కలేదు. బాయిలర్ నుంచి గ్లాసుకు వచ్చే కింది దారి సున్నపు పొరతో పూడుకుపోయింది. అంటే నేను అంతసేపూ చూసింది గ్లాసులో చిక్కుకున్న పాత నీళ్లనే. రెండో గ్లాసులో నీళ్లు అడుగు అంచున ఉన్నాయి. వెంటనే ఊక ఆపి, మంట తీయించాను. ఆ తెల్లవారి దాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

దేవరకద్ర_డ్రాఫ్ట్స్‌మన్

ఊకపొయ్యి గారు చెప్పినదే అమెరికాలోని గెటిస్‌బర్గ్‌లో 1995 జూన్‌లో ఒక పర్యాటక ఆవిరి బండి మీద జరిగింది. నీటి మట్టం చూపే అమరికలు సున్నంతో పూడుకుపోయాయి, ఫైర్‌బాక్స్ పైకప్పు మీద నీళ్లు తగ్గి రేకు ఎర్రగా కాలి కుంగింది, ఇంజనులో ఉన్న ముగ్గురూ కాలిపోయి గాయపడ్డారు. 2001 జూలైలో ఒహాయో రాష్ట్రంలోని మెదీనా జాతరకు ఒక ప్రైవేటు యజమాని తెచ్చిన పాత ఆవిరి ట్రాక్టర్ బాయిలర్ పేలి అయిదుగురు చనిపోయారు. అక్కడ పైకప్పు రేకు పలచబడి ఉండటం, నీళ్లు తగ్గడం రెండూ కలిసి వచ్చాయి. వాటిని నడిపినవాళ్లు కూడా మనలాగా ఇంజన్ల మీద ప్రేమ ఉన్నవాళ్లే. రెండోది పట్టాల మీదిది కూడా కాదు, మనిషి నడకంత వేగంతో పోయేదే.

వీటి తరువాత రెంచి గారిని అడగవలసింది ఒక్కటే: మీ ఇంజనుకు లెడ్ ప్లగ్ ఉందా? ఫైర్‌బాక్స్ పైకప్పులో బిగించే ఆ ప్లగ్గు నడుమ సీసం ఉంటుంది, నీళ్లు తగ్గితే 327 డిగ్రీల దగ్గర ఆ సీసం కరిగి ఆవిరి మంట మీదకు దూకి హెచ్చరిస్తుంది. పాత ప్లగ్గు ఉంటే దాన్ని నమ్మకుండా కొత్తది వేయించండి, ఎందుకంటే సున్నం పట్టినది సమయానికి కరగదు.

గద్వాల_గేటు

నేనిక ఫంక్షన్ హాలు పెళ్లికి పోతే చివరి వరసలో కూర్చుంటాను.

షాద్‌నగర్_సిగ్నల్

ఇంత ప్రమాదం ఉన్నప్పుడు కంప్రెసర్ గాలే నయం కదా? బాయిలర్‌లో గాలి నింపితే చక్రాలు తిరుగుతాయి, కూత కూడా వస్తుంది. పిల్లలకు కావలసింది అంతే.

దేవరకద్ర_డ్రాఫ్ట్స్‌మన్

గాలి సరే, కానీ బాయిలర్‌లో మాత్రం నింపవద్దు. పలచబడిన బాయిలర్‌కు గాలి ఒత్తిడి ఇవ్వడం, నీళ్ల ఒత్తిడి ఇవ్వడం కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరం. నీళ్లు నొక్కుడుపడవు కనుక రేకు చిట్లితే చిమ్మి ఆగిపోతాయి, గాలి మాత్రం స్ప్రింగులాగా తనలో దాచుకున్న శక్తినంతా ఒక్కసారి వదులుతుంది. అందుకే బాయిలర్ పరీక్ష నీళ్లతోనే చేస్తారు, అదీ పని ఒత్తిడికి ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్ల దాకా మాత్రమే. మీకు గాలితోనే నడపాలని ఉంటే, సర్టిఫికెట్ ఉన్న వేరే ఎయిర్ ట్యాంకు పెట్టి, బాయిలర్‌ను పూర్తిగా తప్పించి, గొట్టాన్ని నేరుగా సిలిండర్లకు పోయే స్టీమ్ పైపుకు కలపండి. సిలిండర్లలో నూనె పోయడం మరువవద్దు, గాలి పొడిగా ఉంటుంది.

సూర్యాపేట_కాగితం

ఎవరూ కాగితం మాట ఎత్తలేదు కనుక నేను ఎత్తుతాను. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది, కానీ మూలసూత్రం మారలేదు. 25 లీటర్లకు మించిన బాయిలర్‌కు నమోదు, తనిఖీ, సర్టిఫికెట్ తప్పవు. మీది రైల్వే సొత్తు కాదు, ప్రైవేటు ఆవరణలో ఉన్న బాయిలర్. పేరుపలక పోయింది, పాత రిజిస్ట్రేషన్ నంబరు బాయిలర్ రేకు మీద గుద్ది ఉండవచ్చు. ముందు దాన్ని వెతకండి. మరమ్మతుకు కూడా ముందస్తు అనుమతి, అర్హత పరీక్ష పాసైన వెల్డర్ ఉండాలి. కొల్లాపూర్ వెల్డర్ గారి చేయి ఎంత మంచిదైనా కావచ్చు, చట్టం చేతిని చూడదు, సర్టిఫికెట్‌ను చూస్తుంది.

కొల్లాపూర్_వెల్డర్

ఆ సర్టిఫికెట్ నా దగ్గర లేదు, ఒప్పుకుంటున్నాను. బాయిలర్ జోలికి నేను రాను. కానీ పక్క ట్యాంకులు, క్యాబ్ రేకులు, బొగ్గు డబ్బా కూడా తుప్పు పట్టే ఉంటాయి. వాటిలో ఒత్తిడి ఉండదు కనుక వాటిని అతకడానికి నేను ఆదివారం వస్తాను, కూలి వద్దు, రాడ్డులు మీవి.

జడ్చర్ల_రెంచి

వెల్డర్ గారు, ఎడమ ట్యాంకు అడుగు జల్లెడలాగే ఉంది. తప్పకుండా రండి. మిగతావాళ్ల మాట విని వచ్చే వారం తొడుగు విప్పుతున్నాము.

పాత_ఫైర్‌మన్

విప్పే ముందు ఒక్క మాట. పాత ఇంజన్లలో రేకు తొడుగుకూ బాయిలర్‌కూ నడుమ వేడి పోకుండా ఒక తెల్లని పొర వేసేవారు. చాలావాటిలో అది ఆస్‌బెస్టాస్. మేము ఆ రోజుల్లో దాన్ని చేత్తో పీకి, భుజాల మీద దులుపుకొని, ఆ చేతులతోనే అన్నం తిన్నాము, దాని సంగతి మాకెవరూ చెప్పలేదు. మీరు మాత్రం పొడిగా ముట్టుకోవద్దు. అది ఆస్‌బెస్టాసే అయితే తీసే పని తెలిసినవాళ్లతోనే తీయించండి.

నల్లగొండ_నీటిబొట్టు

అందరూ ఇనుము గురించే మాట్లాడుతున్నారు. బాయిలర్‌ను తినేది నిప్పు కంటే ముందు నీళ్లు. దానిలో ఏ నీళ్లు నింపారు?

జడ్చర్ల_రెంచి

హాలు వెనక బోరు నీళ్లే. ఫ్లోరైడ్ భయంతో యజమాని పటిక, సున్నం వేసి శుద్ధి చేసే తొట్టి కట్టించారు, మేము ఆ శుద్ధి చేసిన నీళ్లనే పోశాము.

నల్లగొండ_నీటిబొట్టు

మంచి మనసుతో చేసిన చెడ్డ పని. నాగపూర్‌లోని నీరీ సంస్థ మన జిల్లా పేరుతోనే ప్రచారంలోకి తెచ్చిన నల్లగొండ టెక్నిక్ అది, తాగే నీటిలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పుట్టింది. బాయిలర్‌కు ఫ్లోరైడ్ పెద్ద శత్రువు కాదు, దానికి పళ్లూ ఎముకలూ లేవు. దాని శత్రువు కాల్షియం, మెగ్నీషియం తెచ్చే కఠినత్వం. పటిక అంటే అల్యూమినియం సల్ఫేటు, దాన్ని వేస్తే నీటిలో సల్ఫేటు పెరుగుతుంది. కాల్షియం, సల్ఫేటు కలిసి కట్టే పొర మామూలు సున్నపు పొర కంటే గట్టిది, రాయిలాగా అతుక్కుంటుంది, కడ్డీతో గీకినా రాదు. ఆ పొర కింద రేకుకు నీటి చలువ అందక కాలిపోతుంది. తాగడానికి బాగుపడిన నీళ్లు బాయిలర్‌కు పాడైన నీళ్లయ్యాయన్నమాట.

మీ దగ్గర ఫంక్షన్ హాలుకు అంత పెద్ద రేకుల కప్పు ఉంది. వాన నీటిని సంపులో పట్టండి. మొదటి వాన వదిలేసి, తరువాతి వానల నీటిని వడగట్టి వాడితే కఠినత్వం దాదాపు ఉండదు. వాన నీళ్లు కాస్త ఆమ్లం వైపు మొగ్గుతాయి కనుక, కొలిచి కొంచెం సోడా కలపాలి. ఆ కొలత కోసం నీళ్ల సీసా నాకు పంపండి, పరీక్ష చేసి చెబుతాను.

మిర్యాలగూడ_ఊకపొయ్యి

నీటిబొట్టు గారి మాట నూటికి నూరు పాళ్లు నిజం. మా మిల్లులో నీటి కఠినత్వం తీసే సాఫ్టెనర్‌లో ఉప్పు అయిపోయిన వారమే గొట్టాలకు పొర కట్టడం మొదలవుతుంది.

గద్వాల_గేటు

ఒక సందేహం. బాయిలర్‌లో బియ్యపు ఊక వేసి ఈ ఇంజను నడుపుతారా, లేక సింగరేణి బొగ్గు తెప్పిస్తారా?

పాత_ఫైర్‌మన్

ఊక ఈ ఫైర్‌బాక్స్‌లో నిలవదు బాబూ. ఇంజను ఊపిరి విడిచినప్పుడల్లా పొగగొట్టంలో పుట్టే ఈడ్పుకు అది కాలకుండానే పైకి ఎగిరిపోతుంది. బొగ్గు అయినా, కట్టె అయినా నిప్పు రవ్వలు లేస్తాయి, పొగపెట్టెలో జల్లెడ లేకపోతే చుట్టుపక్కల పొలాల్లో గడ్డివాములు మిగలవు. ఆ జల్లెడ ఉందో లేదో చూడండి.

షాద్‌నగర్_సిగ్నల్

ఫైర్‌బాక్స్ మార్చి, గొట్టాలు మార్చి, బోల్టులు మార్చి, ట్యాంకులు మార్చిన తరువాత అది పాత ఇంజనేనా? అంతకంటే పాతదాన్ని పాతదానిగా నిలబెట్టి, చుట్టూ గొలుసు కట్టడం గౌరవం కాదా?

పాత_ఫైర్‌మన్

షెడ్డు చూడనివాళ్లకు వచ్చే అనుమానం ఇది. పెద్ద మరమ్మతుకు వర్క్‌షాపుకు పోయిన ఇంజను తన బాయిలర్‌తోనే తిరిగి రావాలన్న నియమమేమీ లేదు. సిద్ధంగా ఉన్న బాయిలర్ దించి ఎక్కించేవారు, పాతది బాగయ్యాక ఇంకొక ఇంజనుకు పోయేది. ఒక వైపీ తన జీవితంలో ఎన్ని బాయిలర్లు మార్చిందో దాని డ్రైవరుకు కూడా తెలియదు. బాయిలర్ ఇంజనుకు చొక్కా లాంటిది.

దేవరకద్ర_డ్రాఫ్ట్స్‌మన్

పెద్దాయన మాటకు తోడు ఒకటి. ఇంగ్లండులో ఔత్సాహికులు 1990లో పూనుకొని, చందాలు పోగుచేసి, 2008లో పట్టాలెక్కించిన టోర్నడో ఇంజను మొత్తం కొత్తదే. బాయిలర్‌ను జర్మనీలోని మైనింగెన్ వర్క్‌షాపులో చేయించారు, రివెట్లు లేకుండా అంతా వెల్డింగే. వాళ్లకు పద్దెనిమిదేండ్లు పట్టింది, మనం దసరా అంటున్నాము. ఇక గొలుసు కట్టి నిలబెట్టినంత మాత్రాన పాతది పాతదిగా ఉండదు. 1855 నాటి మన ఫెయిరీ క్వీన్ ఆవిరి ఇంజనును 1997లో మళ్లీ నడిపించారు, తరువాత అది నిలిచి ఉన్న కాలంలో, 2011లో, దాని విడిభాగాలే దొంగలపాలయ్యాయి. నడిచే ఇంజనుకు కాపలా ఉంటుంది, నిలిచిన ఇంజనుకు తుక్కు ధర ఉంటుంది.

షాద్‌నగర్_సిగ్నల్

చొక్కా పోలికకు ఒప్పుకుంటాను, తొందర విషయంలో మాత్రం నేను చెప్పిందే మీరందరూ తిప్పి చెబుతున్నారు.

జడ్చర్ల_రెంచి

మూడు వారాలు గడిచాయి. జరిగింది రాస్తున్నాను.

తొడుగు కింద అదృష్టవశాత్తు కట్టె పట్టీలే ఉన్నాయి, సగం పుచ్చిపోయి ఎలుకల గూళ్లయ్యాయి. బాయిలర్ వీపు మీద తుప్పు గీకితే గుద్దిన నంబరు బయటపడింది, కాగితం గారికి ఫొటో పంపాను. అల్ట్రాసోనిక్ మీటరు ఉన్న ఒకాయనను పిలిపించి గజిబిజి లేకుండా అరచేతి వెడల్పుకు ఒక గడి చొప్పున సుద్దతో గీసి రేకు మందం కొలిపించాము. నడుమ భాగంలో పన్నెండు మిల్లీమీటర్ల దగ్గరే ఉంది. చెమ్మ వచ్చిన మూలన ఆరుకు పడిపోయింది, దాని పక్క గడిలో అయిదున్నర. ఆ గడి మీద ముక్క అతికి ఉంటే దేనికి అతికినట్లు?

స్టే బోల్టులను నా పాత విద్యార్థి కొట్టాడు. నేను బయట కూర్చొని కళ్లు మూసుకొని విన్నాను. మొదటి వరస అంతా మోగింది. మూడో వరసలో ఒకటి మూగపోయింది, ఇద్దరం ఒకేసారి "ఇదే" అన్నాము. అక్కడి నుంచి మూల దాకా మొత్తం పదకొండు. లెడ్ ప్లగ్ ఉన్నచోట ఎవరో మామూలు ఇనుప బోల్టు బిగించారు. అది చూశాక మాలో అతుకు పక్షం వాళ్లు ఒక్కరూ నోరు మెదపలేదు.

ఫొటోలన్నీ యజమాని ముందు పెట్టాను. మొదట కోపం వచ్చింది, పెట్టిన ఖర్చు లెక్క చెప్పారు. తరువాత ఆ ఇనుప బోల్టును అరచేతిలో పెట్టి, ఇది ఉండవలసిన చోట సీసం ఉండాలని, ఎందుకు ఉండాలో చెప్పాను. కాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసి, దసరాకు వేరే ట్యాంకు గాలితోనే నడపండి, మనిషిని ఎక్కించవద్దు, బాయిలర్‌ను దించి అనుమతి ఉన్న వర్క్‌షాపుకు పంపుదామన్నారు. వాన నీళ్ల సంపు తవ్వకం కూడా మొదలైంది.

పంపేలోపు లోపలి పరీక్ష కోసం, బాయిలర్ నీళ్ల నడుమ నుంచి మంట వేడి పోయే గొట్టాలన్నీ మేమే తీయాలి, మొత్తం యాభై ఎనిమిది. గ్యాస్‌తో కోస్తే గొట్టాలు బిగించిన చివరి ప్లేటు రంధ్రాలు పాడవుతాయని భయం. గొట్టం లోపలి నుంచి కోసే కట్టర్ ఎవరి దగ్గరైనా ఉందా? గొట్టం బయటి కొలత 45 మిల్లీమీటర్లు.

మిర్యాలగూడ_ఊకపొయ్యి

బయటి కొలత కాదు సార్, లోపలి కొలత చెప్పాలి, కట్టర్ పట్టేది లోపల. అది కూడా రెండు చివర్లా కొలవండి, గొట్టాన్ని వెడల్పు చేసి బిగించే ఎక్స్‌పాండర్ తిప్పిన చోట వెడల్పు వేరుగా ఉంటుంది.

జడ్చర్ల_రెంచి

లోపల 38. చివర్లలో 39న్నర.

మిర్యాలగూడ_ఊకపొయ్యి

మా మిల్లు గొట్టాలు పెద్దవి, ఆ కట్టర్ దూరదు. పక్క మిల్లులో పాత చిన్న బాయిలర్‌ది ఒకటి ఉంది, బ్లేడు మొద్దుబారింది. సాన పట్టించి ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకు తెస్తాను. నేను వచ్చేదాకా ఒక్క గొట్టం కూడా కోయవద్దు.